నెల్లూరు–ఒంగోలు హైవే మీద తిరిగే 350 బండికి ఏ వెనక టైరు? మూడు రకాల మీద రివ్యూ

ముందు తీర్పు, తర్వాత కారణాలు. ఎన్‌హెచ్ 16 మీద నెల్లూరు, కావలి, సింగరాయకొండ, ఒంగోలు మధ్య వారంలో ఎక్కువ రోజులు తిరిగే బండికి డ్యూయల్ కాంపౌండ్ వెనక టైరు పెట్టిన డబ్బుకు తగిన పని చేస్తుంది. డ్యూయల్ కాంపౌండ్ అంటే నడుమ గట్టి రబ్బరు, రెండు పక్కలా మెత్తటి రబ్బరు పోసిన టైరు. ఊరి పొలిమేర దాటని బండికి దాని అవసరం లేదు, కంపెనీ నుంచి వచ్చిన మామూలు టైరే చాలు. మెత్తటి స్పోర్ట్స్ టైరును మాత్రం ఈ రోడ్డుకు ఎవరికీ చెప్పం. ఏ రకం వేసినా గాలి సరిగా చూసుకోకపోతే ఈ తేడాలేవీ నిలవవు. అందుకే ఈ రివ్యూలో గాలి గురించి కాస్త ఎక్కువే ఉంటుంది.

ఇక్కడ మాట్లాడేది ముఖ్యంగా 350 సీసీ బండ్ల గురించి. రాయల్ ఎన్‌ఫీల్డ్ క్లాసిక్ 350కి వెనక 120/80-18, మీటియర్‌కి, హంటర్‌లో ఎక్కువ రకాలకి 140/70-17. ఈ అంకెల్లో మొదటిది టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది ఆ వెడల్పులో ఎత్తు ఎంత శాతమో, చివరిది చక్రం అంగుళాలు. 17 అంగుళాల చక్రానికి బజార్లో ఎంపిక ఎక్కువ. 18 అంగుళాలకు తక్కువ, డ్యూయల్ కాంపౌండ్ కావాలంటే షాపువాళ్లకు చెప్పి తెప్పించుకోవాల్సి రావచ్చు. పల్సర్, యూనికార్న్ లాంటి 150–160 బండ్లకూ అరుగుదల తీరు ఇదే, బరువు తక్కువ కాబట్టి కొంచెం నిదానం. ఫలానా కంపెనీదే కొనండి అని చెప్పడం లేదు. ఎంఆర్‌ఎఫ్, సియట్, అపోలో, టీవీఎస్ యూరోగ్రిప్, ఎవరిని తీసుకున్నా ఒకరి దగ్గరే గట్టి మోడలూ ఉంటుంది, మెత్తటి మోడలూ ఉంటుంది. రకం తేల్చుకున్నాక పేరు ఎంచుకోండి.

నడుమే ఎందుకు పోతుంది

నెల్లూరు నుంచి ఒంగోలు దాదాపు 120 కిలోమీటర్లు. ఇంత దారిలో బండి వంగేది ఎక్కడ? లారీని దాటడానికి వరుస మారేటప్పుడు, హైవే దిగి సర్వీసు రోడ్డులోకి తిరిగేటప్పుడు, టీ కొట్టు దగ్గర ఆపేటప్పుడు. మిగతా దారంతా నిటారుగానే పోతుంది. నిటారుగా ఉన్న బండి టైరు రోడ్డును తాకేది నడుమ మూడు నాలుగు సెంటీమీటర్ల పట్టీతోనే. ఇంజను తోపు, బండి బరువు, ఎండ వేడి అన్నీ ఆ పట్టీ మీదే పడతాయి. పక్కల రబ్బరు మాత్రం అచ్చులోంచి వచ్చిన సన్నటి పోగులతో సహా కొత్తగానే ఉండిపోతుంది. పక్కనుంచి చూసి "టైరు ఇంకా బాగుందే" అనుకునేది ఇందుకే.

ముందు టైరు కంటే వెనకది తొందరగా అరగడానికి కారణం తోపు. చక్రం బండిని ముందుకు నెట్టాలంటే రబ్బరు రోడ్డు మీద రవ్వంత జారుతూనే ఉండాలి. కంటికి కనపడని ఆ జారుడే అరుగుదల. గాలి ఎదురొత్తు వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి గంటకు 80 నుంచి 100 కిలోమీటర్లకు పోతే అది 1.56 రెట్లు అవుతుంది. వేగం పావు వంతు పెంచితే, గాలిని చీల్చడానికి వెనక టైరు పెట్టాల్సిన తోపు సగానికి పైగా పెరిగిందన్నమాట. పైగా వేగంతో పాటు రబ్బరు వేడెక్కుతుంది, వేడెక్కిన రబ్బరు ఇంకా తొందరగా అరుగుతుంది. నాలుగు వరుసల హైవే మీద మోటార్‌సైకిళ్లకు చట్టం పెట్టిన పరిమితి కూడా గంటకు 80 కిలోమీటర్లే. 75–80 దగ్గర నిలకడగా నడపడం కంటే చవకగా టైరు మన్నిక పెంచే ఉపాయం మాకు తెలిసి లేదు.

ఇంకో సంగతి చాలామంది పొరపాటుగా అర్థం చేసుకుంటారు. వాన నీళ్లు పోవడానికి రోడ్డును ఎడమ అంచు వైపు కొద్దిగా వాలుగా వేస్తారు. ఆ వాలు మీద బండి నిటారుగా నిలబడితే రోడ్డుతో పోల్చినప్పుడు కుడికి వంగినట్టే లెక్క. దానివల్ల టైరు నడిగీతకు కుడి పక్కన కాస్త ఎక్కువ అరుగుతుంది. అర మిల్లీమీటరు తేడా ఉంటే కంగారు పడక్కర్లేదు. అంతకు మించి ఒక పక్కే పోతుంటే మాత్రం వెనక చక్రం వంకరగా కూర్చుందేమో చూడాలి. చైన్ టైట్ చేసినప్పుడు స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చేయి) మీద రెండు వైపులా ఉండే గీతలు ఒకే లెక్కకు రాకుండా వదిలేయడం దీనికి మామూలు కారణం.

గాలి

మే నెలలో నెల్లూరు, ఒంగోలు 44 డిగ్రీలు చూస్తాయి. మధ్యాహ్నం వేళ తారు రోడ్డు పైభాగం 60 డిగ్రీలు దాటుతుంది. ఆ ఎండలో గాలి లెక్క ఎలా మారుతుందో చూడండి. పొద్దున్నే 30 డిగ్రీల దగ్గర, చల్లగా ఉన్న టైరులో 32 పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) పెట్టారనుకుందాం. గంట నడిచాక లోపలి గాలి 60 డిగ్రీలకు చేరితే మీటరు 36 నుంచి 37 మధ్య చూపిస్తుంది. ఇది ఉండాల్సిందే. బండి కంపెనీ ఇచ్చే అంకె చల్లటి టైరుకు, ఈ పెరుగుదలను లెక్కలో పెట్టుకునే ఇస్తారు. కావలి దగ్గర బంకులో ఆగి, మీటరు చూసి ఎక్కువైందని 32కి దింపేస్తే ఏమవుతుంది? మర్నాడు పొద్దున చల్లారాక అదే టైరులో 28 కూడా ఉండదు. ఆ 28తోనే సామాను, వెనక మనిషిని ఎక్కించుకుని మళ్లీ హైవే ఎక్కుతారు.

గాలి తక్కువైతే టైరు పక్కగోడలు ప్రతి చుట్టులోనూ ఎక్కువగా మడత పడి లేస్తాయి. ఆ మడతే వేడి పుట్టిస్తుంది. బండి బరువుగా లాగుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, గుంతలో పడితే రిమ్ము సొట్ట పోతుంది. ట్యూబు టైరు అయితే ఇంకో ప్రమాదం ఉంది. బ్రేకు కొట్టినప్పుడు టైరు రిమ్ము మీద జరిగి ట్యూబును తనతో లాక్కుపోతుంది, వాల్వు మొదట్లో ట్యూబు చిరుగుతుంది. వాల్వు రిమ్ములోంచి నిటారుగా కాకుండా ఒక పక్కకు వాలి కనిపిస్తే ఇది మొదలైందని అర్థం. అప్పుడే విప్పి సరిచేయించాలి.

గాలి ఎక్కువైనా ఇబ్బందే. రోడ్డును తాకే పట్టీ ఇంకా సన్నబడి, నడుమ ఇంకా తొందరగా పోతుంది. వంతెనల అతుకుల మీద వెనక చక్రం ఎగురుతుంది. టైరు పక్కగోడ మీద అచ్చువేసిన గరిష్ఠ అంకె చూసి అంత నింపేవాళ్లున్నారు. అది టైరు తట్టుకునే హద్దు, మీ బండికి పెట్టాల్సిన అంకె వేరే ఉంటుంది. చైన్ కవరు మీదో స్వింగ్ ఆర్మ్ మీదో స్టిక్కరు చూడండి, లేదా మాన్యువల్ తిరగేయండి. ఉదాహరణకు పల్సర్ 150కి ముందు 25, వెనక ఒక్కరే అయితే 28, ఇద్దరైతే 32. ఒక్కరే నడిపినా వెనక బ్యాగులు బాగా బరువుగా ఉంటే ఇద్దరి అంకె పెట్టుకోవడమే నయం.

బంకులో గాలి ఉచితమే, కానీ మిషన్లన్నీ ఒకే మాట చెప్పవు. ఒక బంకు 30 అన్నది ఇంకో బంకులో 33 చూపించొచ్చు. పెన్నులాంటి చిన్న గేజి ఒకటి కొని ఇంట్లో పెట్టుకుని, వారానికోసారి పొద్దున్నే బండి తీయకముందు చూడటం ఉత్తమం. నైట్రోజన్ గురించి తరచూ అడుగుతారు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది. బండి టైరుకు దాని కోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఉచితంగా పడితే నష్టమూ లేదు.

మూడు రకాలు ఎలా పనిచేస్తాయి

మొదటిది గట్టి రబ్బరు మామూలు టైరు. 350 బండ్లకు కంపెనీ నుంచి వచ్చేవి ఎక్కువగా ఈ కోవకే చెందుతాయి. నిదానంగా నడిపితే మన్నిక బాగుంటుంది. 350 బండి వెనక టైరు మామూలుగా 12 వేల నుంచి 20 వేల కిలోమీటర్ల మధ్య ఎక్కడైనా పోతుంది. ఆ పైఅంకెకు దగ్గరగా వెళ్లేది ఈ రకమే. లోటు రెండు చోట్ల తెలుస్తుంది. ఒకటి, తొలి వాన పడ్డ రోజు. ఎండాకాలమంతా రోడ్డు మీద పేరుకున్న నూనె, దుమ్ము తడిసినప్పుడు గట్టి రబ్బరు పట్టు వదులుతుంది, వెనక బ్రేకు కొంచెం గట్టిగా తొక్కితే చక్రం పక్కకు పోతుంది. రెండు, పక్కలు కూడా గట్టిగానే ఉండటం వల్ల ఘాట్ రోడ్డు మలుపుల్లో నమ్మకం తక్కువ. దోర్నాల నుంచి శ్రీశైలం వెళ్లే దారిలో ఇది బాగా తెలుస్తుంది. ఊళ్లో తిరుగుతూ నెలకోసారి హైవే ఎక్కే బండికి మాత్రం ఈ రకం వదలొద్దు.

రెండోది మెత్తటి స్పోర్ట్స్ టైరు. మలుపులో పట్టు గొప్పగా ఉంటుంది, తడి రోడ్డు మీద బ్రేకు బాగా పడుతుంది. కానీ ఈ హైవే మీద ఆ గుణం ఖర్చయ్యే చోటు వేరు. మెత్తటి రబ్బరు నడుమ పట్టీ ఎండలో వేడెక్కి గీకేసినట్టు పోతుంది, పక్కల ఉన్న ఖరీదైన రబ్బరు వాడకుండానే మిగిలిపోతుంది. నడుమ నున్నగా అయ్యాక పక్కలు ఎంత కొత్తగా ఉన్నా టైరు మార్చక తప్పదు. డబ్బు పెట్టింది పక్కల కోసం, అరిగింది నడుమ. అరిగిపోయే తీరు కూడా ఇబ్బందే: గుండ్రం పోయి నడుమ తొందరగా చదునవుతుంది కాబట్టి టైరు జీవితంలో సగం కాలం బండి సరిగా తిరగదు.

మూడోది డ్యూయల్ కాంపౌండ్. నడుమ గట్టి పట్టీ ఉండటం వల్ల చదును ఆలస్యంగా వస్తుంది. దీనిలో మేం అన్నిటికంటే విలువిచ్చేది ఇదే, కిలోమీటర్ల లెక్క దాని తర్వాతే. టైరు గుండ్రం ఎక్కువ కాలం నిలిస్తే బండి నడక ఎక్కువ కాలం కొత్తగా ఉంటుంది. పక్కల మెత్తటి రబ్బరు సర్వీసు రోడ్డు మలుపుల్లో, ఘాట్‌లో పనికొస్తుంది.

లోపాలూ చెప్పాలి. నిటారుగా బ్రేకు వేసినప్పుడు రోడ్డును పట్టుకునేది గట్టి నడుమే కాబట్టి, తడిలో సూటిగా ఆగే దూరంలో ఇది మెత్తటి టైరంత గొప్పగా ఉండదు. సిలికా కలిపిన రబ్బరు అయితే ఈ లోటు కొంత తీరుతుంది. కొనేటప్పుడు ఆ మాట అడగండి. రెండో లోపం, రెండు రబ్బర్లు కలిసే గీత. టైరు సగం అరిగాక ఆ గీత దగ్గర చిన్న మెట్టు ఏర్పడొచ్చు. వేలితో నడుమ నుంచి పక్కకు నెమ్మదిగా జరిపితే తగులుతుంది. వేలికి స్పష్టంగా తగిలేంత అయితే వరుస మారేటప్పుడు హ్యాండిల్‌కూ తగులుతుంది. మూడోది, ఏడాదుల తరబడి హైవే మీదే తిరిగితే పక్కల మెత్తటి రబ్బరు వాడకుండానే ఎండకు గట్టిపడుతుంది. ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగే బండికి డ్యూయల్ కాంపౌండ్ దండగ అనేది ఇందుకే. టైరు అరిగేలోపే ఆ మెత్తదనం పోతుంది.

రేడియల్ గురించి ఒక మాట. సైజులో అడ్డగీత ఉంటే, అంటే 140/70-17 అని ఉంటే, మామూలు బయాస్ టైరు, అంటే లోపలి దారాల పొరలు ఏటవాలుగా ఉండేది. గీత బదులు ఆర్ అక్షరం ఉంటే రేడియల్, అంటే దారాలు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు నేరుగా ఉండేది. రేడియల్ హైవే వేగంలో తక్కువ వేడెక్కుతుంది, నిలకడగా ఉంటుంది. కానీ ముందు బయాస్, వెనక రేడియల్ అని కలిపి వేయడం బండి కంపెనీ ఒప్పుకుంటేనే చేయాలి. ముందు రేడియల్ వేసి వెనక బయాస్ పెట్టడం మాత్రం వద్దే వద్దు.

సైజు పెంచితే ఎక్కువ కాలం వస్తుందనేది తప్పు. అదే రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే రెండు అంచులూ లోపలికి నొక్కుకుని నడుమ భాగం గూడులా లేస్తుంది. రోడ్డును తాకే పట్టీ పెరగాల్సింది తగ్గుతుంది, నడుమ ఇంకా ముందే పోతుంది. 120/80-18 బదులు 130/70-18 వేస్తే చక్రం ఎత్తు కూడా దాదాపు 10 మిల్లీమీటర్లు తగ్గుతుంది. లోడ్ ఇండెక్సు (టైరు మోయగల బరువు చెప్పే అంకె) కూడా గమనించండి. సైజు పక్కన 62పి అని ఉంటే 265 కిలోల వరకు, గంటకు 150 కిలోమీటర్ల వరకు అని అర్థం. మీ బండికి చెప్పినదానికంటే తక్కువ అంకె ఉన్నది ఎంత చవకైనా తీసుకోకండి.

చదునైన టైరు బండిని ఏం చేస్తుంది

గుండ్రటి టైరు మీద బండి వంగేటప్పుడు రోడ్డును తాకే చోటు నడుమ నుంచి పక్కకు కొద్దికొద్దిగా జరుగుతుంది. నడుమ చదునైతే అక్కడో అంచు తయారవుతుంది. హ్యాండిల్ నొక్కితే బండి మొదట మొరాయిస్తుంది, అంచు దాటగానే ఒక్కసారిగా పడిపోయినట్టు వంగుతుంది. నెమ్మదిగా నడిపితే ఇది బండి బరువులా అనిపించి ఎవరూ పట్టించుకోరు. 80లో లారీ వెనకనుంచి పక్క వరుసలోకి మారేటప్పుడు మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువ జరిగిపోతుంది. రోడ్డు పొడవునా ఉండే అతుకులు, వరుసల గీతల పెయింటు, పాత పొరకు కొత్త పొరకు మధ్య అంచు, వీటిని చదును టైరు పట్టుకుని వాటి వెంటే పోవాలని చూస్తుంది. ఎదురు గాలిలో, పెద్ద లారీ పక్కన వచ్చే గాలి దెబ్బకు వెనక భాగం మెల్లగా ఊగుతుంది. ఆ ఊపును చూసి స్టీరింగ్ బేరింగులు మార్పించేవాళ్లున్నారు. మొదట వెనక టైరు మీద స్కేలు పెట్టి చూస్తే ఆ ఖర్చు తప్పుతుంది.

తడిలో పరిస్థితి ఇంకా చెడ్డది. నీటిని పక్కకు తోసేది నడుమ గాళ్లే, అరిగిపోయేవీ అవే. ఈ తీరానికి పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో, తుపానులతో వస్తాయి. రోడ్డు మీద నీరు నిలిచిన చోట చదును టైరు నీటి మీదికి తేలడానికి గుండ్రటి దానికంటే తొందరగా సిద్ధమవుతుంది.

పరీక్ష

అడుగు పొడవు స్టీలు స్కేలు చాలు. బండిని సెంటర్ స్టాండ్ మీద పెట్టి, స్కేలును టైరుకు అడ్డంగా, నడుమ ఆనించి వెనకనుంచి వెలుతురు పడేలా చూడండి. కొత్త టైరులో స్కేలు నడుమ సన్నటి చోట మాత్రమే ఆని, రెండు పక్కలా వెలుతురు కనిపిస్తుంది. చదునైన టైరులో వెలుతురు చొరబడని భాగం వెడల్పుగా ఉంటుంది. దాన్ని కొలవండి. 120 వెడల్పు టైరులో అది 5 సెంటీమీటర్లు దాటితే గాళ్లు మిగిలి ఉన్నా మార్చే ఆలోచన చేయమంటాం. ఇంతకంటే ఖచ్చితంగా కావాలంటే కొత్త టైరు వేసిన రోజే అట్టముక్కను టైరు వంపుకు సరిపోయేలా కత్తిరించి దాచుకోండి. తర్వాత ఎప్పుడు పెట్టి చూసినా నడుమ ఎంత ఖాళీ వచ్చిందో అదే చెబుతుంది.

లోతు కొలవడానికి చిన్న డెప్త్ గేజి వాడండి. నడుమ గాడిలో, చక్రం చుట్టూ మూడు చోట్ల చూసి తక్కువ వచ్చిన అంకె రాసుకోండి. టైరు పక్కగోడ మీద చిన్న త్రిభుజం గుర్తు ఉన్న చోట, గాడి అడుగున చిన్న దిమ్మె ఉంటుంది. రబ్బరు దానికి సమానమైతే టైరు పని అయిపోయినట్టు. బైకు టైర్లకు చట్టం చెప్పే కనీస లోతు 0.8 మిల్లీమీటర్లు. హైవే బండికి అంతదాకా ఆగకండి, 2 మిల్లీమీటర్ల దగ్గరే మార్చండి. సెప్టెంబరులో 2.5 ఉంటే వానలకు ముందే మార్చడం మంచిది.

ఎంత మిగిలిందో లెక్క వేయడం తేలిక. కొత్తప్పుడు 7.5 మిల్లీమీటర్లు, 8,000 కిలోమీటర్ల తర్వాత 5 ఉందనుకుందాం. 2.5 పోయింది, అంటే వెయ్యికి సుమారు 0.31. రెండు మిగిలేదాకా ఇంకా 3 ఉంది, కాబట్టి దాదాపు 9,600 కిలోమీటర్లు వస్తుంది. ఈ లెక్క నెలనెలా ఒకేలా లేకపోతే మధ్యలో గాలో వేగమో మారిందన్నమాట.

మన రోడ్ల ప్రత్యేకతలు

కృష్ణపట్నం పోర్టు లారీలు కలిసే వెంకటాచలం వైపు, టోల్ ప్లాజాల ముందు, లారీలు ఆగి కదిలే చోట్ల డీజిలు, ఇంజనాయిలు చుక్కలు ఎక్కువ. బండ్లకు వదిలే ఎడమ చివరి దారిలో తొలి వానకు జాగ్రత్త. రొయ్యలు, చేపలు తీసుకెళ్లే లారీల నుంచి కారే నీళ్లు ఎండాకాలంలోనూ తారును తడిపి ఉంచుతాయి. అలాంటి లారీ వెనక కాకుండా కాస్త పక్కకు నడపండి. ఒంగోలు నుంచి చీమకుర్తి వైపు గ్రానైట్ లారీల నుంచి రాలే పలుకులు అంచులు పదునుగా ఉంటాయి, గాలి తక్కువున్న టైరును సులువుగా కోస్తాయి. హైవే మార్జిన్‌లో పేలిపోయిన లారీ టైర్ల ముక్కలు, వాటిలోంచి వచ్చే సన్నటి ఉక్కు తీగలు పంక్చర్లకు పెద్ద కారణం. నడుమ పల్చబడిన టైరుకు ఆ తీగ సూదిలా దిగుతుంది. కోతల కాలంలో సర్వీసు రోడ్ల మీద పరిచే వడ్లు, గడ్డి మీద ఏ టైరూ పట్టదు.

పంక్చర్ పడితే ట్యూబ్‌లెస్‌కు బయటినుంచి గుచ్చే స్ట్రిప్ హైవే మీద తాత్కాలికమే. ఇంటికి చేరాక టైరు విప్పించి లోపలినుంచి మష్రూమ్ ప్యాచ్ (రంధ్రంలోకి కాడ దిగే, పుట్టగొడుగు ఆకారపు ప్యాచ్) వేయించండి. అంతవరకు 60 దాటొద్దు. నడుమ భాగంలో 6 మిల్లీమీటర్లకు మించని రంధ్రానికే ఇది. పక్కగోడకు తగిలితే ప్యాచ్ పనికిరాదు, టైరు మార్చాల్సిందే.

కొనేటప్పుడు, బిగించేటప్పుడు

పక్కగోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 2325 అంటే 2025లో 23వ వారంలో తయారైంది. రెండేళ్లు దాటినది, మరీ ముఖ్యంగా షాపు ముందు ఎండలో వేలాడదీసినది వద్దనండి. 2025 సెప్టెంబరు 22 నుంచి కొత్త టైర్ల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. పాత సరుకైనా బిల్లులో 18 ఉందో లేదో చూసుకోండి. ధర పోల్చేటప్పుడు టైరు ధరను అది వచ్చే కిలోమీటర్లతో భాగించండి, చవక టైరు చవకేనా అన్నది అప్పుడు తేలుతుంది.

బిగించేటప్పుడు దగ్గరే నిలబడండి. తిరిగే దిక్కు చూపే బాణం ముందు, వెనక టైర్లకు వేర్వేరుగా ఉండొచ్చు, తిరగేసి ఎక్కించడం తరచూ జరిగే పొరపాటు. టైరు మీద రంగు చుక్క ఉంటే అది వాల్వు పక్కన రావాలి. అంచుకు సబ్బు నీళ్లే రాయాలి, గ్రీజు రాయనివ్వకండి, రాస్తే టైరు రిమ్ము మీద జరుగుతుంది. గాలి నింపాక రిమ్ము అంచు పక్కన టైరు మీద ఉండే సన్నటి గీత చుట్టూ ఒకే దూరంలో కనపడాలి. ఒక చోట లోపలికి పోతే బీడ్ (రిమ్ములో కూర్చునే టైరు అంచు) సరిగా కూర్చోలేదు, 80లో వెనక భాగం అదురుతుంది. పుల్లల చక్రం అయితే కొత్త టైరుతో కొత్త ట్యూబు వేయించండి, రిమ్ము టేపు కూడా చూడండి. పాత ట్యూబు సాగి ఉంటుంది, మడత పడితే అక్కడే తెగుతుంది. ట్యూబ్‌లెస్ అయితే వాల్వు మార్పించండి. బ్యాలెన్సింగ్ మిషన్ అన్ని షాపుల్లో ఉండదు, ఫోను చేసి అడిగి వెళ్లండి. ఇరుసు నట్టును మాన్యువల్ చెప్పిన టార్కుకు బిగించి, చైన్ వదులు చూసి, వెనక బ్రేకు రెండు మూడు సార్లు తొక్కి పట్టిందని తేలాకే బండి తీయండి.

కొత్త టైరు మీద అచ్చు జిగురు పోయేదాకా, అంటే తొలి 150–200 కిలోమీటర్లు, గట్టి బ్రేకులు, బాగా వంగడం మానండి. టైరు మెరుపు కోసం కొట్టే స్ప్రేలు రోడ్డును తాకే భాగానికి తగలనివ్వకండి. వెనక కొత్తది వేసినప్పుడు ముందు టైరును కూడా చేత్తో తడిమి చూడండి. బ్రేకుల వల్ల గళ్లన్నీ ఒకే దిక్కుకు అరిగి రంపపు పళ్లలా తగిలితే, గాలి తక్కువతో చాలాకాలం నడిచిందో, ముందు ఫోర్కుల ఆయిలు పాడైందో చూడాల్సి ఉంటుంది. అది సరిచేయకుండా వేసిన కొత్త వెనక టైరు మీద కూడా బండి సూటిగా పోదు.